కాలువకు గరుకు, రక్తనాళానికి ఇరుకు
ప్రవాహానికి ఎదురయ్యే అడ్డును ఎలా కొలుస్తారు? దానికీ మన ఆరోగ్యానికీ సంబంధం ఏమిటి?

ఓ.పి. గదిలో తరచూ వినిపించే మాటలు రెండున్నాయి. మొదటిది: "డాక్టరు గారూ, నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, తిండి సరిగానే తింటున్నాను. మరి ఈ బి.పి. మాత్ర ఎందుకండీ?" రెండవది: "నరాల్లో కొవ్వు పేరుకుందన్నారు. కాలువలో పూడిక తీసినట్టు దాన్ని కడిగేసే మందు ఏదైనా ఉంటే రాయండి."

ఈ రెండు మాటల వెనుక ఉన్న ఊహ ఒక్కటే. రక్తనాళం పొలం కాలువ లాంటిదని, లోపల గరుకు పెరిగితే రక్తం నెమ్మదిస్తుందని, అలా నెమ్మదిస్తే మనకే తెలిసిపోతుందని, అప్పుడు శుభ్రం చేయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇందులో కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. ఆ పొరపాటు వల్లనే కొందరు బి.పి. మాత్రలు మానేసి, ఏడాది తిరగకుండా పక్షవాతంతో ఆసుపత్రికి వస్తున్నారు. కొందరు నడిస్తే వచ్చే పిక్క నొప్పిని వయసు నొప్పి అనుకొని, కాలి వేలు నల్లబడ్డాక వస్తున్నారు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి తెలుసుకుందాం. (మన వాడుకలో రక్తనాళాన్ని కూడా "నరం" అంటాం. ఈ వ్యాసంలో చెప్పేదంతా రక్తనాళాల గురించే.)

కాలువ నేర్పే పాఠం

గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువ కింద సేద్యం చేసేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాలువలో తూటికాడ, గుర్రపుడెక్క పెరిగితే శివారు భూములకు నీరందదు. పై నుంచి అంతే నీరు వదిలినా, దారిలో గట్లూ, అడుగూ, కలుపూ ఆ నీటిని పట్టి వెనక్కి లాగుతాయి. పారే నీటికీ అది తాకే గోడకూ మధ్య ఉండే ఈ లాగుడునే రాపిడి అంటాం.

ఇంజనీర్లు ఈ రాపిడిని అంకెల్లో చెబుతారు. ఐర్లండుకు చెందిన ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రం నేటికీ కాలువల లెక్కల్లో వాడుకలో ఉంది. అందులో ప్రతి కాలువకూ ఒక గరుకు అంకె ఉంటుంది. కాంక్రీటు పూసిన కాలువకు అది సుమారు 0.015. కలుపు పెరిగిన మట్టి కాలువకు 0.030 లేదా అంతకంటే ఎక్కువ. వాలు, లోతు, వెడల్పు ఒకటే అయినా, గరుకు అంకె రెట్టింపయితే నీటి వేగం సగమవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. గరుకును ఎవరూ చేత్తో తడిమి కొలవరు. కాలువ వాలు ఎంత, నీటి లోతు ఎంత, సెకనుకు ఎంత నీరు పారుతోంది అని చూస్తారు. వాటి నుంచి అడ్డు ఎంత ఉందో లెక్క కడతారు. అడ్డు కంటికి కనబడదు. దాని ఫలితాన్ని కొలిచి దాన్ని తెలుసుకోవాలి. మన శరీరం విషయంలోనూ ఇదే పద్ధతి.

గొట్టంలో అయితే లెక్క ఇంకా తేలిక. గొట్టం మొదట్లో ఒక చోట, చివర్లో ఒక చోట ఒత్తిడిని కొలుస్తారు. దారిలో ఎంత ఒత్తిడి పోయిందో తెలుస్తుంది. నిమిషానికి ఎన్ని లీటర్లు పారిందో చూస్తారు. పోయిన ఒత్తిడిని పారిన నీటితో భాగిస్తే వచ్చేదే ఆ గొట్టం అడ్డు. ఈ ఒక్క లెక్కను గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసంలో ముందు వచ్చే చాలా పరీక్షలకు మూలం ఇదే.

ఇసుక అంటించిన గొట్టాలు

1933లో జర్మనీలోని గ్యోటింగెన్ పట్టణంలో యోహాన్ నికురాడ్జే అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించాడు. ఇసుకను జల్లెడ పట్టి, ఒకే పరిమాణం ఉన్న రేణువులను వేరుచేసి, గొట్టాల లోపలి గోడకు దట్టంగా అంటించాడు. కొన్నిటికి పెద్ద రేణువులు, కొన్నిటికి సన్న రేణువులు. తరువాత వాటిలో నీటిని నెమ్మదిగానూ, వేగంగానూ పారించి, ఒత్తిడి ఎంత తగ్గుతోందో కొలిచాడు.

నీరు వేగంగా పారినప్పుడు ఫలితం మనం ఊహించినట్టే ఉంది. అన్నిటికంటే గరుకైన గొట్టంలో రేణువు పరిమాణం గొట్టం వ్యాసంలో 30వ వంతు. అన్నిటికంటే సన్న ఇసుక ఉన్న గొట్టంలో 1,014వ వంతు. మొదటి దానిలో రాపిడి రెండవ దానికి సుమారు మూడు రెట్లు వచ్చింది.

నీరు నెమ్మదిగా పారినప్పుడు వచ్చిన ఫలితమే ఆశ్చర్యకరం. పెద్ద ఇసుక, సన్న ఇసుక అనే తేడా లేకుండా అన్ని గొట్టాల్లోనూ రాపిడి నున్నని గొట్టంలో ఉన్నంతే ఉంది! కారణం ఏమిటంటే, నెమ్మదిగా పారేటప్పుడు ద్రవం పొరలు పొరలుగా సాఫీగా జారుతుంది. గోడను ఆనుకున్న పొర దాదాపు కదలకుండా ఉంటుంది. ఇసుక రేణువులు ఆ నిలకడ పొరలో మునిగి ఉంటాయి, పైన పారే ద్రవానికి వాటి తాకిడి తగలదు. వేగం పెరిగాక మాత్రం ఆ పొర పలచబడి, రేణువుల తలలు బయటికి వచ్చి సుడులు లేస్తాయి. సాఫీ ప్రవాహం ఎప్పుడు సుడులుగా మారుతుందో 1883లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగు నీటి గీతను పారించి చూపించాడు.

మరి మన రక్తం ఎలా పారుతుంది? గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిలో, ప్రతి కొట్టుకు కొద్ది క్షణాలు తప్ప, ఆరోగ్యవంతుడి రక్తనాళాల్లో ఎక్కువ భాగం ప్రవాహం సాఫీ రకమే. కాబట్టి "లోపల గరుకెక్కింది, అందుకే రక్తం ఆగుతోంది" అన్న మాట రక్తనాళానికి సరిగా వర్తించదు. కాలువకు శత్రువు గరుకు. రక్తనాళానికి అసలు శత్రువు ఇరుకు.

ఒక వైద్యుడు కనిపెట్టిన లెక్క

ఇరుకు ఎంత ప్రమాదకరమో లెక్క కట్టి చూపినవాడు ఒక వైద్యుడు. పారిస్‌కు చెందిన డాక్టర్ జాన్ లియొనార్ మరీ ప్వాజయ్ (1797–1869) రక్తం సన్ననాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. 1838 నుంచి కొన్నేళ్లపాటు, వెంట్రుక వంటి సన్నని గాజు గొట్టాల్లో నీటిని పారించి కొలతలు తీశాడు. అదే కాలంలో, 1839లో, జర్మనీ ఇంజనీరు గోటిల్ఫ్ హాగెన్ కూడా ఇత్తడి గొట్టాలతో అదే ఫలితానికి వచ్చాడు. ఒకరి పని ఒకరికి తెలియదు.

వారు కనుగొన్నది ఇది. సాఫీ ప్రవాహంలో గొట్టం పొడవు రెట్టింపయితే అడ్డు రెట్టింపవుతుంది. ద్రవం చిక్కదనం రెట్టింపయితే అడ్డు రెట్టింపవుతుంది. కానీ గొట్టం వ్యాసం సగమైతే అడ్డు రెట్టింపు కాదు, నాలుగింతలు కాదు, ఏకంగా 16 రెట్లవుతుంది! రెండును నాలుగుసార్లు హెచ్చవేస్తే 16. చిన్న ఇరుకులకు ఈ లెక్క ఎలా ఉంటుందో చూడండి:

వ్యాసం 10 శాతం తగ్గితే అడ్డు సుమారు 1.5 రెట్లు.
వ్యాసం 20 శాతం తగ్గితే అడ్డు సుమారు 2.4 రెట్లు.
వ్యాసం 50 శాతం తగ్గితే అడ్డు 16 రెట్లు.

నికురాడ్జే గొట్టాల్లో అతి గరుకుకూ అతి సన్న ఇసుకకూ మధ్య తేడా మూడు రెట్లే అని చూశాం. సగం ఇరుకు తెచ్చే తేడా 16 రెట్లు.

ఈ లెక్కను మన ఆసుపత్రి వార్డులోనే కళ్లారా చూడవచ్చు. సెలైను పెట్టే కాన్యులాల రంగులు గమనించారా? నీలం రంగు సన్నది, బూడిద రంగు లావుది. నీలం దానిలో నిమిషానికి సుమారు 35 మి.లీ. ద్రవం పారితే, బూడిద రంగు దానిలో సుమారు 180 మి.లీ. పారుతుంది. తయారీని బట్టి ఈ అంకెలు కొద్దిగా మారతాయి. కాన్పు తరువాత రక్తస్రావం అధికంగా ఉన్న తల్లికి నర్సమ్మ లావు సూది, అదీ రెండు చేతులకూ పెడితే, "ఇంత లావు సూది ఎందుకమ్మా?" అని బంధువులు నొచ్చుకుంటారు. సన్న సూదితో గంట పట్టే ద్రవం లావు సూదితో కొన్ని నిమిషాల్లో ఎక్కుతుంది. ఆ నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

బి.పి. అంకె నిజానికి ఏమి చెబుతుంది?

రక్తపు ఒత్తిడిని మొట్టమొదట కొలిచినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు పాదిరిగారు. టెడ్డింగ్టన్ గ్రామంలో సంఘ సేవ చేస్తూనే ఆయన ప్రకృతిని పరిశీలించేవారు. గుర్రం కాలి ధమనిలో ఇత్తడి గొట్టం పెట్టి, దానికి పొడవైన గాజు గొట్టం తగిలిస్తే, అందులో రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకింది. ఈ సంగతిని ఆయన 1733లో ప్రచురించారు. ఆ తరువాత 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి చేతికి చుట్టే గాలి పట్టీని, 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోఫ్ స్టెతస్కోపుతో శబ్దం వినే పద్ధతిని తెచ్చారు.

ఆ శబ్దం ఏమిటో తెలుసా? ధమని మామూలుగా తెరుచుకొని ఉన్నప్పుడు రక్తం సాఫీగా, నిశ్శబ్దంగా పారుతుంది. పట్టీతో సగం నొక్కినప్పుడు ఆ ఇరుకులోంచి రక్తం చిమ్మినట్టు దూకి అలజడి లేస్తుంది. నర్సమ్మ వినేది ఆ అలజడినే. గాలి తీస్తుంటే శబ్దం మొదలైన చోట పై అంకె, పూర్తిగా ఆగిన చోట కింది అంకె.

ఇప్పుడు మనం గుర్తుపెట్టుకున్న లెక్కను వాడదాం. 120/80 బి.పి. ఉన్న మనిషికి ధమనుల్లో సగటు ఒత్తిడి సుమారు 93. తిరిగి గుండెకు చేరేసరికి ఒత్తిడి సుమారు 3కు దిగుతుంది. అంటే దారిలో పోయింది 90. విశ్రాంతిలో గుండె నిమిషానికి పంపేది సుమారు 5 లీటర్లు. 90ని 5తో భాగిస్తే 18. ఇది ఆ మనిషి రక్తనాళాలన్నిటి అడ్డు. అదే మనిషి బి.పి. 160/100 అయి, గుండె అంతే రక్తం పంపుతూ ఉంటే, సగటు ఒత్తిడి 120. 3 తీసేస్తే 117. 5తో భాగిస్తే అడ్డు 23 దాటింది. అంటే గుండె ప్రతి కొట్టుకూ, పగలూ రాత్రీ, అంతకంత ఎక్కువ బరువును తోస్తోంది.

ఈ అడ్డులో అధిక భాగం పెద్ద ధమనుల్లో ఉండదు. కంటికి ఆనని సన్న ధమనుల్లో ఉంటుంది. వాటి గోడల్లో కండరం ఉంటుంది. అవి శరీరపు కుళాయిల వంటివి, ఏ అవయవానికి ఎంత రక్తం కావాలో చూసి తెరుచుకుంటాయి, బిగుసుకుంటాయి. ఎక్కువమంది బి.పి. రోగుల్లో ఈ కుళాయిలే అవసరానికి మించి బిగుసుకొని ఉంటాయి. వ్యాసంలో కొద్ది తేడా వస్తే అడ్డులో ఎంత తేడా వస్తుందో పైన చూశాం కదా! ఆమ్లోడిపిన్ వంటి మాత్రలు చేసే పని ఈ కుళాయిలను కొంచెం వదులు చేయడమే. మాత్ర ఆపితే కొద్ది రోజుల్లో అవి మళ్లీ బిగుసుకుంటాయి. నొప్పి మాత్రం రాదు. ఎందుకంటే అడ్డు పెరిగినా, గుండె ఎక్కువ శ్రమ చేసి రక్తాన్ని అందిస్తూనే ఉంటుంది. ఆ శ్రమకు గుండె గోడలు మందమవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, మెదడులో నాళం చిట్లవచ్చు, పూడవచ్చు. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదు అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంకె సరిగా రావాలంటే మనమూ సహకరించాలి. పరీక్షకు ముందు అరగంట కాఫీ, టీ, పొగ వద్దు. మూత్రవిసర్జన చేసి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు మాట్లాడవద్దు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 లేదా అంతకు మించి ఉంటే అది బి.పి. జబ్బే.

రాపిడిని పసిగట్టే గోడ

రక్తనాళం కాలువ లాంటిది కాదనడానికి మరో పెద్ద కారణం ఉంది. కాలువ గట్టుకు ప్రాణం లేదు, రక్తనాళం గోడకు ఉంది. నాళం లోపల ఒకే వరుస కణాలతో నున్నని పొర ఒకటి ఉంటుంది. రక్తం పారుతూ ఆ కణాలను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడి ఎంత ఉందో ఆ కణాలే పసిగడతాయి. రక్తప్రవాహం పెరిగి రాపిడి ఎక్కువైతే అవి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతాయి. వెంటనే గోడలోని కండరం వదులై నాళం వెడల్పవుతుంది. ఈ వాయువు పనిని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యురాడ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

రోజూ నడవండి అని డాక్టర్లు చెప్పడానికి ఇదొక కారణం. నడిచినప్పుడు రక్తం జోరుగా పారుతుంది, గోడ మీద మంచి రాపిడి పడుతుంది, ఆ పొర చురుకుగా ఉంటుంది. పొగాకు, అదుపు లేని షుగరు, అధిక కొలెస్ట్రాల్, బి.పి. ఈ పొరను దెబ్బతీస్తాయి. నాళాలు చీలే చోట్ల, వంపుల దగ్గర రాపిడి తక్కువగా, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. కొవ్వు గడ్డలు ముఖ్యంగా అటువంటి చోట్లనే మొదలవుతాయి.

గరుకు సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. కొవ్వు గడ్డ గోడకు పైన అంటుకున్న జిడ్డు కాదు, గోడ లోపల పెరిగినది. దానిమీద పల్చని పొర కప్పి ఉంటుంది. ఒకనాడు ఆ పొర చిట్లితే లోపలి గరుకు భాగం రక్తానికి తగులుతుంది. అప్పుడు జరిగే హాని రాపిడి వల్ల కాదు. ఆ గరుకును గాయం అనుకొని రక్తం అక్కడ గడ్డ కడుతుంది. నిన్నటి దాకా సగం తెరిచి ఉన్న నాళం కొన్ని నిమిషాల్లో పూర్తిగా మూసుకుపోవచ్చు. గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం.

అందువల్ల "నరాలు కడిగే మందు" అని బజారులో అమ్మేవాటికి డబ్బు పోయకండి. గోడలో ఉన్నదాన్ని కడగడం కుదరదు. డాక్టరు రాసే స్టాటిన్ మాత్ర కొలెస్ట్రాల్ తగ్గించి, గడ్డ పైపొర చిట్లకుండా గట్టిపడటానికి తోడ్పడుతుంది. ఆస్పిరిన్‌ను "రక్తం పలచబడే మాత్ర" అంటాం గాని, అది రక్తం చిక్కదనాన్ని తగ్గించదు. రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. దానివల్ల కడుపులో రక్తస్రావం కూడా కావచ్చు కాబట్టి, డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టవద్దు, చెప్పకుండా మానవద్దు.

కాలి మడమ చెప్పే నిజం

పెద్ద ధమనిలో ఒకచోట ఇరుకు వస్తే వెంటనే ఎందుకు తెలియదు? ఇరుకు దాటాక ఉన్న కుళాయిలు పూర్తిగా తెరుచుకొని లోటును పూడుస్తాయి. 1974లో ప్రచురితమైన ప్రయోగాల్లో కుక్కల గుండె ధమనిని కొంచెం కొంచెంగా బిగిస్తూ పోయారు. వ్యాసంలో సుమారు 85 శాతం మూసుకునేదాకా విశ్రాంతిలో ప్రవాహం తగ్గలేదు. కానీ గుండెకు ఎక్కువ రక్తం కావలసినప్పుడు అందే ప్రవాహం, సగం మూసుకోక ముందే తగ్గడం మొదలైంది. కూర్చున్నప్పుడు బాగుండి, నడిస్తే నొప్పి రావడం ఇందుకే.

కాళ్లలో ఈ ఇరుకును కొలవడానికి సులువైన పరీక్ష ఉంది. రోగిని పడుకోబెట్టి, చేతి దగ్గర, చీలమండ దగ్గర పట్టీ చుట్టి, చిన్న డాప్లర్ పరికరంతో పై ఒత్తిడిని కొలుస్తారు. చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తారు. మామూలుగా ఇది 1.0 నుంచి 1.4 మధ్య ఉంటుంది. 0.90 లేదా అంతకు తగ్గితే కాలి ధమనుల్లో ఇరుకు ఉన్నట్టు. ఉదాహరణకు చేతిలో 150, చీలమండలో 90 ఉంటే 0.60. దారిలో 60 ఒత్తిడి పోయిందన్నమాట. సూది గుచ్చే పని లేదు, నొప్పి లేదు.

ఒక హెచ్చరిక: షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో ధమని గోడలు సున్నం చేరి గట్టిపడతాయి. పట్టీకి లొంగవు. అప్పుడు అంకె 1.4 దాటి వస్తుంది. అది మంచి గుర్తు కాదు, వేరే పరీక్షలు చేయాలి.

కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గి, మళ్లీ అంతే దూరంలో వస్తుంటే అది కీళ్ల నొప్పి అనుకోకండి. ముఖ్యంగా బీడీ, చుట్ట, సిగరెట్టు అలవాటున్నవారు, షుగరు ఉన్నవారు వెంటనే చూపించుకోవాలి. పొగ మానేసి, డాక్టరు సలహాతో రోజూ నడక సాగించి, మందులు వాడితే చాలామంది కాలు నిలబెట్టుకోగలరు. షుగరు ఉన్నవారికి తిమ్మిరి వల్ల నొప్పే తెలియకపోవచ్చు. కాబట్టి ప్రతి రాత్రీ పాదాలు చూసుకోవాలి.

గుండె ధమనిలో ఇరుకు

యాంజియోగ్రాంలో నీడ కనబడుతుంది గాని, ఆ ఇరుకు రక్తాన్ని నిజంగా ఎంత అడ్డుకుంటోందో నీడ పూర్తిగా చెప్పలేదు. అనుమానం ఉన్నప్పుడు వెంట్రుక లాంటి తీగను ధమనిలోకి పంపి, ఇరుకుకు ముందూ వెనుకా ఒత్తిడిని కొలుస్తారు. దాటాక ఉన్న ఒత్తిడి, ముందున్న దానిలో 0.80 వంతు లేదా తక్కువైతే ఆ ఇరుకు హాని చేస్తున్నట్టు లెక్క. 2009లో ప్రచురితమైన ఫేమ్ అనే అధ్యయనంలో 1,005 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. నీడను చూసి స్టెంట్లు వేసిన జట్టులో ఏడాదిలో 18.3 శాతం మందికి మరణం, గుండెపోటు లేదా మళ్లీ చికిత్స ఎదురైంది. ఒత్తిడి కొలిచి అవసరమైన చోటే వేసిన జట్టులో అది 13.2 శాతమే. స్టెంట్లు కూడా తక్కువే పట్టాయి.

ఊపిరి దారికీ ఇదే లెక్క

గాలి కూడా ప్రవాహమే. పసిబిడ్డ శ్వాసనాళం సుమారు 4 మి.మీ. వెడల్పు ఉందనుకోండి. జలుబు చేసి లోపలి పొర చుట్టూ 1 మి.మీ. వాస్తే మిగిలేది 2 మి.మీ. అడ్డు 16 రెట్లు! పెద్దవారి 8 మి.మీ. నాళంలో అదే వాపు వస్తే అడ్డు సుమారు మూడు రెట్లే. పెద్దవారికి గొంతు గరగరగా ఉండే జబ్బు పసిబిడ్డకు ప్రాణం మీదికి తేవడానికి కారణం ఇదే. బిడ్డ ఏడిస్తే గాలి వేగం పెరిగి సుడులు లేచి అడ్డు ఇంకా పెరుగుతుంది. అందుకే బిడ్డను ఒడిలోనే ఉంచుకొని, ఏడిపించకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఉబ్బసం ఉన్నవారు ఇంట్లోనే పీక్ ఫ్లో మీటరుతో ఈ అడ్డును గమనించుకోవచ్చు. నిలబడి, నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి, ఒక్కసారిగా బలంగా ఊదాలి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకెను రాసుకోండి. బాగున్న రోజుల్లో మీకు వచ్చే ఉత్తమ అంకెలో 80 శాతం పైన ఉంటే క్షేమం. 50 నుంచి 80 మధ్య ఉంటే డాక్టరు ఇచ్చిన సలహా ప్రకారం మందు పెంచి, కబురు చేయండి. 50 కంటే తగ్గితే వెంటనే ఇన్‌హేలర్ వాడి ఆసుపత్రికి బయలుదేరండి.

గుర్తుంచుకోండి

1. నాళంలో అడ్డు నొప్పి లేకుండానే పెరుగుతుంది. దాన్ని కొలిస్తేనే తెలుస్తుంది. 18 ఏళ్లు దాటినవారందరూ బి.పి. చూపించుకోవాలి.

2. బి.పి. అంకె మామూలుగా ఉంటే అది మాత్ర పనిచేస్తోందనడానికి గుర్తు. మాత్ర ఇక అక్కరలేదని కాదు. తగ్గించాలన్నా మార్చాలన్నా డాక్టరును అడగండి.

3. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. ఉప్పు తగ్గించండి. ఊరగాయలు, అప్పడాలు, ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువని మరచిపోకండి.

4. వారంలో ఎక్కువ రోజులు అరగంట చురుకుగా నడవండి.

5. నడిస్తే వచ్చే పిక్క నొప్పి, మానని కాలి పుండు, చల్లబడిన పాదం ఉంటే ఆలస్యం చేయకండి.

6. ఛాతీలో బరువు, చెమటలు, మూతి వంకర, మాట తడబాటు, చేయి కాలు పడిపోవడం, కూర్చున్నా తగ్గని ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

కాలువలో పూడిక చేరితే పైరు వాడిపోయి రైతుకు చెబుతుంది. రక్తనాళం అలా ముందుగా చెప్పదు. ఈసారి ఆసుపత్రికి ఎవరికి తోడుగా వచ్చినా సరే, వెళ్లేముందు ఐదు నిమిషాలు కూర్చొని మీ బి.పి. కూడా చూపించుకొని వెళ్లండి. ఆ అంకెను ఒక కాగితం మీద రాసి దాచుకోండి.